పిచ్చికుక్క భయం - ఊరి కట్టుబాటు

కుక్క ఇంటికి కాపలా. చేనుకు కాపలా. గొర్రెల మందకు కాపలా. రాత్రిపూట కొత్త మనిషి వస్తే మొరుగుతుంది. పిల్లలతో ఆడుతుంది. పెట్టింది తిని ఇంటి ముందు పడి ఉంటుంది.

అలాంటి కుక్కకు పిచ్చి ఎత్తితే? మనిషిని కరుస్తుంది. గేదెను కరుస్తుంది. మేకను కరుస్తుంది. ఆ కాటు ప్రాణం తీస్తుంది. ఈ జబ్బు పేరు రేబిస్. మనం పిచ్చికుక్క జబ్బు అంటాం.

ఈ జబ్బు ముదిరి బయటపడితే మందు లేదు. మనిషైనా, పశువైనా బతకడం దాదాపు లేదు. కానీ రాకుండా ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఒక్క ఇల్లు జాగ్రత్తపడితే చాలదు. ఊరంతా కలిసి ఒక కట్టుబాటు చేసుకోవాలి.

జబ్బు ఎలా వస్తుంది?

రేబిస్ ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. అది కంటికి కనపడదు. జబ్బు పడిన జంతువు చొంగలో ఉంటుంది. ఆ జంతువు కరిస్తే గాయంలోకి పోతుంది. గోటితో రక్కినా రావచ్చు. పుండు మీద నాకినా రావచ్చు. అక్కడి నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది.

సాధారణంగా ఒక నెల నుంచి మూడు నెలల్లో జబ్బు బయటపడుతుంది. కొందరికి ఇంకా ముందే పడుతుంది. కొందరికి ఏడాది దాటాక కూడా పడవచ్చు. ముఖం మీద, తల మీద, చేతుల మీద కాటు పడితే మరీ తొందరగా రావచ్చు. అందుకే "గాయం మానిపోయింది కదా, ఇంకేం భయం?" అనుకోకూడదు. పైన గాయం మానినా లోపల జబ్బు నడుస్తూ ఉండవచ్చు.

కుక్క ఒక్కటే కాదు. పిల్లి, నక్క, ముంగిస, కోతి కరిచినా ఆసుపత్రికి వెళ్లాలి. అయితే మనుషులకు ఈ జబ్బు ఎక్కువగా కుక్క కాటు వల్లే వస్తోంది. నూటికి తొంభై తొమ్మిది కేసులు కుక్కల వల్ల వచ్చేవే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

పశువులో గుర్తులు

పిచ్చి ఎత్తిన కుక్క తీరు మారుతుంది. ఊరికే కరవడానికి వస్తుంది. కర్రను, రాయిని కూడా కొరుకుతుంది. గొంతు మారుతుంది. చొంగ కారుతుంది. దవడ వేలాడుతుంది. కొన్ని కుక్కలు ఇలా మీద పడవు. చీకటి మూలకు పోయి ముడుచుకుని ఉంటాయి. ఇవీ ప్రమాదమే.

గేదెకో, ఆవుకో వస్తే మేత మానేస్తుంది. అదే పనిగా అరుస్తుంది. నోటి వెంట చొంగ కారుతుంది. మింగలేకపోతుంది. అది చూసి మనం ఏమనుకుంటాం? "గొంతులో ఏదో అడ్డం పడింది" అనుకుంటాం. నోట్లో చెయ్యి పెట్టి చూస్తాం. ఇదే పెద్ద ప్రమాదం. ఆ చొంగ చేతి మీది చిన్న గీతకు తగిలినా జబ్బు రావచ్చు. కుక్క కరిచిన పశువు మేత మానేసి చొంగ కారుస్తుంటే నోట్లో చెయ్యి పెట్టవద్దు. ఒంటరిగా కట్టేసి పశువుల డాక్టరుకు కబురు పెట్టండి. మన రాష్ట్రాల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ సాయం అడగవచ్చు.

సంఘంలో మాట

ఒక ఊరి మహిళా సంఘం మీటింగుకు పశువుల డాక్టరమ్మ వచ్చిందనుకుందాం. అప్పుడు ఇలాంటి మాటలు సాగుతాయి.

"డాక్టరమ్మా, మా గేదెను కుక్క కరిచింది. ఏం చెయ్యాలి?"

"చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కుని గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడగండమ్మా. అదే రోజు నాకు చెప్పండి. పశువుకు కూడా వరసగా సూదులు వెయ్యాలి. ఒక్కటి వేయించి ఆపెయ్యకూడదు."

"దాని పాలు తాగవచ్చా?"

"పచ్చి పాలు ఎప్పుడూ తాగవద్దు. కాచిన పాలు తాగామని హడలిపోనక్కరలేదు. కానీ జబ్బు గుర్తులు కనపడితే ఆ పాలు ఇంట్లో వాడవద్దు. కేంద్రానికి పొయ్యవద్దు. పితకడానికి దగ్గరికే పోవద్దు."

ఒక పెద్దామె అడుగుతుంది. "అప్పు చేసి కొన్న గేదె తల్లీ. ఈ సంగతి బయటికి చెప్తే పాలు ఎవరూ కొనరు. గేదే పోతుంది, అప్పూ మిగులుతుంది. చెప్పకుండా సంతలో అమ్ముకుంటే ఏమవుతుంది?"

"నీ కష్టం నాకు తెలుసమ్మా. కానీ కొన్నవాళ్లింట్లోనూ పిల్లలు ఉంటారు. వాళ్లు నీలాగే దాని నోట్లో చెయ్యి పెడతారు. ఇంకో మాట. నీ గేదెకు బీమా ఉందా? చెవికి పోగు ఉందా? ఉంటే డాక్టరు ఇచ్చే కాగితం లేకుండా బీమా సొమ్ము రాదు. దాచిపెడితే గేదే పోతుంది, సొమ్మూ పోతుంది. కరిచిన రోజే చెప్తే గేదెను కాపాడుకునే వీలైనా ఉంటుంది."

పక్కనున్న ఆమె అంటుంది. "అక్కా, నువ్వు చెప్పు. వాయిదా సంగతి సంఘంలో మాట్లాడుకుందాం. నష్టం ఒక్కదాని మీద పడితే ఎవరైనా దాచిపెడతారు. నలుగురం పంచుకుంటే దాచే పని లేదు."

ఈ మాట గుర్తుంచుకోండి. ఊరి కట్టుబాటు నిలవాలంటే ఊరి తోడు కూడా ఉండాలి.

మనిషిని కరిస్తే

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అనే సామెత ఉంది. సామెతగా బాగానే ఉంది. కానీ కాటుకు మందు చెప్పుదెబ్బ కాదు. పసుపు కాదు. కారం కాదు. సున్నం కాదు. ఆకు పసరు కాదు. తాయెత్తు కాదు. ఇవి గాయాన్ని ఇంకా పాడు చేస్తాయి. పొద్దును వృథా చేస్తాయి.

మొదటి పని: కుళాయి కింద, లేదా చెంబుతో నీళ్లు పోస్తూ, సబ్బుతో గాయాన్ని కడగాలి. పదిహేను నిమిషాలు కడగాలి. కట్టు గట్టిగా కట్టవద్దు.

రెండో పని: అదే రోజు గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ సూదికి డబ్బు తీసుకోరు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే గాయంలోనే ఇంకో మందు కూడా వెయ్యాలి. దాన్ని ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటారు. ఇది చిన్న ఆసుపత్రిలో లేకపోతే ఎక్కడ దొరుకుతుందో అడిగి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

"అమ్మో! బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులా?" అని ఇప్పటికీ భయపడేవాళ్లు ఉన్నారు. అది పాత రోజుల మాట. ఆ మందు తయారీని మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు సూది భుజానికి వేస్తారు. గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఎక్కువగా చర్మంలోనే కొద్దిగా వేస్తారు. అలా అయితే నాలుగుసార్లు వెళ్లాలి. కండకు వేస్తే ఐదుసార్లు వెళ్లాలి. గర్భిణులు వేయించుకోవచ్చు. పాలిచ్చే తల్లులూ వేయించుకోవచ్చు. చంటిపిల్లలకూ వెయ్యాలి.

చీటీ చదవండి. నాలుగు సూదుల చీటీ మీద 0, 3, 7, 28 అని ఉంటుంది. మొదటి సూది వేసిన రోజు సున్నా. ఒకటో తారీకున మొదటి సూది వేశారనుకోండి. రెండోది 4న. మూడోది 8న. నాలుగోది 29న. రెండు సూదులకే ఆపెయ్యకూడదు. కూలి పోతుందని ఆగవద్దు. నాలుగు రోజుల కూలి మళ్లీ సంపాదించుకోవచ్చు. పిల్ల ప్రాణం పోతే తెచ్చుకోలేం.

కరిచిన కుక్క గానీ పిల్లి గానీ కనపడుతూ ఉంటే పది రోజులు దూరం నుంచి గమనించాలి. ఈ పది రోజులూ సూదులు ఆపవద్దు. పది రోజులైనా అది ఆరోగ్యంగా ఉంటే డాక్టరుకు చెప్పండి. మిగతా సూదుల సంగతి ఆయనే చెప్తారు.

పిల్లలు తిడతారనే భయంతో కాటు సంగతి దాచిపెడతారు. "కుక్క కరిస్తే కొట్టను, చెప్పు" అని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

చట్టం ఏం చెప్తుంది?

పశువుల అంటువ్యాధులపై 2009లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం జాబితాలో రేబిస్ ఉంది. పశువుకు ఆ జబ్బు ఉందని అనుమానం వస్తే యజమాని ఊరి అధికారికి గానీ, పంచాయతీకి గానీ చెప్పాలి. ఆ పశువును మిగతా వాటి నుంచి వేరుగా ఉంచాలి. ఇది దయ కొద్దీ చేసే పని కాదు. యజమాని బాధ్యత.

కుక్కల సంఖ్య పెరగకుండా చూడడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. రేబిస్ టీకా వేయించాలి. ఈ పని స్థానిక సంస్థలది. పెంపుడు కుక్కల బాధ్యత వాటి యజమానులది. పిచ్చి ఎత్తిందనే అనుమానం ఉన్న కుక్కను వేరుగా బంధించి ఉంచాలి.

"ఇదంతా ఎందుకు, విషం పెడితే పోతుంది కదా" అనేవాళ్లు ఉంటారు. అది నేరం. పైగా పనికిరాని పని. టీకా పడిన కుక్కలు చస్తే, ఆ చోటికి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. నూటికి డెబ్భై కుక్కలకు టీకా పడితే జబ్బు ఒక దాని నుంచి ఇంకో దానికి పాకడం ఆగుతుంది. టీకా పడిన కుక్కలు ఊరికి గోడలాంటివి. ఆ గోడను మనమే కూల్చుకోకూడదు.

ఊరి కట్టుబాట్లు

చట్టం ఢిల్లీలో పుడుతుంది. అమలు మన వీధిలో జరగాలి. అందుకు గ్రామసభలో ఇలాంటి కట్టుబాట్లు చేసుకోవచ్చు.

1. ప్రతి పెంపుడు కుక్కకు, పిల్లికి టీకా వేయించాలి. మూడు నెలల వయసులో మొదటిది. ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజున ఇంకోటి. అక్కడి నుంచి ఏటా ఒకటి.

2. కుక్కను పెంచేవాళ్లు పంచాయతీలో పేరు రాయించాలి. టీకా చీటీ చూపించాలి. కుక్క మెడకు పట్టీ ఉండాలి.

3. ఏటా ఒకసారి ఊరిలో టీకా శిబిరం పెట్టించాలి. జూలై 6, సెప్టెంబరు 28 తేదీల్లో చాలా పశువుల ఆసుపత్రుల్లో టీకా ఉచితంగా వేస్తారు. ముందే అడిగి చాటింపు వేయించాలి.

4. కోడి పేగులు, మాంసం ముక్కలు, ఎంగిలి విస్తళ్లు వీధిలో వెయ్యకూడదు. తిండి దొరికే చోటే కుక్కలు గుంపు కడతాయి.

5. పశువు మీద అనుమానం వస్తే ఆ రోజే పంచాయతీకి చెప్పాలి. దాన్ని అమ్మకూడదు. కొయ్యకూడదు. తోలు తియ్యకూడదు. చస్తే ఊరికి దూరంగా లోతైన గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

6. ఎవరిని కుక్క కరిచినా ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఆమె సూదుల తేదీలు రాసుకుని గుర్తు చేస్తుంది.

7. బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర కుక్కలకు తిండి వెయ్యకూడదు. అందుకు వేరే చోటు చూపాలి.

8. జబ్బుతో పశువు పోయిన ఇంటికి సంఘం తోడు నిలవాలి.

పంచాయతీలో సగం స్థానాలు ఆడవాళ్లవే. గ్రామసభలో అడిగే హక్కు మీకు ఉంది. నోటితో అడగండి. కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట ఫైలులో ఉంటుంది.

అర్జీ ఇలా రాయండి

సర్పంచ్ గారికి,
మా ఊరిలో కుక్కలకు రేబిస్ టీకా వేసి చాలా రోజులైంది. ఈ మధ్య ....... మందిని కుక్కలు కరిచాయి. ....... పశువులను కరిచాయి. ఊరిలో టీకా శిబిరం పెట్టించాలని, గ్రామసభలో ఈ కట్టుబాట్లు చర్చకు పెట్టాలని కోరుతున్నాం.
ఇట్లు,
....... సంఘం సభ్యులం
తేదీ: .......

అందరూ సంతకాలు చెయ్యండి. అర్జీ అందినట్టు కాగితం తీసుకుని దాచుకోండి.

చెప్పండి

1. కుక్క కరిస్తే మొదట చెయ్యాల్సిన పని ఏమిటి? ఎన్ని నిమిషాలు?
2. చొంగ కారే గేదె నోట్లో చెయ్యి ఎందుకు పెట్టకూడదు?
3. కుక్కలకు విషం పెట్టడం ఎందుకు తప్పు? రెండు కారణాలు చెప్పండి.

లెక్క కట్టండి

రెండో తారీకున మొదటి సూది వేశారు. మిగతా మూడు సూదులు ఏ తారీకుల్లో వేయించాలి? (జవాబు: 5, 9, 30)

రాయండి

మీ వీధిలో ఎన్ని పెంపుడు కుక్కలు ఉన్నాయి? వాటిలో ఎన్నింటికి టీకా పడింది? ఇల్లిల్లూ అడిగి రాయండి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు వెళ్లండి.