ఆభా నంబరు: తీసుకుంటే సరిపోదు, చెప్పాలి

సిద్దిపేట పెద్దాసుపత్రికి పోయినా, మీ ఊరి సబ్ సెంటర్‌కు పోయినా పాత చీటీలు అడుగుతారు. అవి పోతే ఏ మందు వాడారో, ఏది పడలేదో డాక్టరుకు తెలియదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం.

ఆభా అంటే ఏమిటి?
14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఉచితంగా ఇస్తారు. మన పక్కనే ఉన్న రాజన్న సిరిసిల్లతోపాటు ములుగులో 2022లో ఇంటింటికీ తిరిగి హెల్త్ ప్రొఫైల్ తయారు చేసిందీ ఇలాంటి అవసరానికే.

ఎలా తీసుకోవాలి?
ఆధార్, దానికి లింకైన ఫోన్ ఉంటే చాలు. ఆశా కార్యకర్తను అడగండి.

గుర్తుంచుకోండి
• ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు నంబరు చెప్పండి. అప్పుడే రిపోర్టులు ఖాతాలో కలుస్తాయి.
• మీరు ఒప్పుకుంటేనే రికార్డు వేరేవాళ్లకు కనిపిస్తుంది. ఒప్పుకున్నాక కూడా రద్దు చేసుకోవచ్చు.
• ఇది ఆరోగ్యశ్రీ కార్డు కాదు. దీంతో ఆపరేషన్ ఖర్చు రాదు.
• ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు.
• పాత చీటీలు పారేయొద్దు. ఖాతాలో చేరనివి వాటిలోనే ఉంటాయి.