ఉప్పునీటి తొట్టిలో నత్రజని వలయం

జీవులకు ఆహారం ఎంత అవసరమో, ఆ ఆహారం వల్ల ఏర్పడే వ్యర్థాలు తమ చుట్టూ పేరుకొనకుండా తొలగిపోవడం కూడా అంత అవసరం. సముద్రంలో ఈ పని మన కంటికి కనిపించకుండా నిరంతరం జరుగుతూనే ఉంటుంది. కొత్తగా నింపిన గాజుతొట్టిలో మాత్రం దానికి మనమే అంకురార్పణ చేయవలె. ఈ సత్యాన్ని మేము పుస్తకంలో చదివి కాక, చేపలను పోగొట్టుకొని తెలుసుకున్నాము.

మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉప్పునీటి తొట్టిని ఏర్పాటు చేసినప్పుడు, వార్షికోత్సవానికి విచ్చేసే పెద్దలకు చూపవలెనన్న ఆత్రంతో, నీరు నింపిన మూడవ నాడే నాలుగు క్లౌన్ చేపలను అందులో వదిలాము. నీరు అద్దంవలె స్వచ్ఛంగా ఉన్నది. వారం తిరగకముందే చేపలు నీటి పైభాగానికి చేరి ఆయాసపడసాగినవి. పదవ నాటికి ఒక్కటీ మిగలలేదు. ఉప్పు మంచిది కాదని కొందరు, చేపలే రోగిష్ఠివని కొందరు అన్నారు. నిజానికి తప్పు మా తొందరపాటుదే. ఇప్పుడు అదే తొట్టిని మరల నింపాము. చేపలు లేని తొట్టికి ఇంత ఖర్చు దేనికని అడిగే విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు మా సమాధానమే ఈ వ్యాసం.

వలయం అంటే ఏమి?

చేపలు తమ శరీరంలోని నత్రజని వ్యర్థాలను ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. నీటిలో ఇది రెండు రూపాలలో ఉంటుంది. అమ్మోనియం అయాను అంతగా హాని చేయదు. స్వేచ్ఛా అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నీటి పీహెచ్ ఒక అంకె పెరిగితే స్వేచ్ఛా అమ్మోనియా పాలు ఇంచుమించు పది రెట్లవుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8కి పైన ఉంటుంది గనుక, మంచినీటి తొట్టిలో చేప ఓర్చుకొనే అమ్మోనియా ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

ఈ విషాన్ని ఒక తెగ సూక్ష్మజీవులు నైట్రైట్‌గాను, మరొక తెగ ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. దీనినే నత్రీకరణ అంటారు. సముద్రపు నీటిలోని క్లోరైడు కొంత రక్షణ ఇవ్వడం వల్ల నైట్రైట్ ఇక్కడ మంచినీటిలో వలె తీవ్రంగా బాధించదు. అయినా అది కనిపించినంత కాలం వలయం పూర్తి కాలేదనే అర్థం. నైట్రేట్ ఈ మూడింటిలో తక్కువ హానికరం. రాళ్ళ లోపల ప్రాణవాయువు సోకని రంధ్రాలలో వేరొక రకం బాక్టీరియా దానిలో కొంత భాగాన్ని నత్రజని వాయువుగా మార్చివేస్తాయి. మిగిలినదానిని నీరు మార్చి మనమే తొలగించవలె.

ఈ జ్ఞానం ఎట్లా వచ్చినది?

1877లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇరువురు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని నెమ్మదిగా పోనిచ్చారు. సుమారు 20 రోజుల వరకు అమ్మోనియాలో ఏ మార్పూ లేదు. తరువాత నైట్రేట్ కనిపించసాగినది. క్లోరోఫాం ఆవిరిని పంపగానే ఆ మార్పు ఆగిపోయినది. దీనితో అది జీవుల పని అని రుజువైనది. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాను వేరుచేశాడు. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టి గులకరాళ్ళ నుండి నైట్రోసోప్యుమిలస్ అనే ఆర్కియా జీవిని వేరుచేశారు. అమ్మోనియాను మార్చే పని బాక్టీరియాకే పరిమితం కాదని దీనివల్ల స్థిరపడినది. చేపల తొట్టి ఆటవస్తువు కాదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఆరంభించే విధానం

ముందుగా క్లోరిన్ లేని శుద్ధజలంలో అక్వేరియం ఉప్పును లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపవలె. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, బైకార్బొనేట్ మొదలైనవి కూడా ఉంటాయి గనుక వంట ఉప్పు పనికిరాదు. సాపేక్ష సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 25 నుండి 27 డిగ్రీల సెల్సియస్ ఉండవలె. అడుగున ఇసుక, పైన రంధ్రాలు గల రాళ్ళు అమర్చి, పంపును రాత్రింబగళ్ళు నడపవలె. ఈ సూక్ష్మజీవులు నీటిలోకంటె రాళ్ళ, ఇసుక పైననే అధికంగా నివసిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పాత ఉప్పునీటి తొట్టి నుండి గుప్పెడు ఇసుక లభిస్తే అదే మంచి విత్తనం.

ఇక వాటికి ఆహారం కావాలి. అందుకు చేపను బలిపెట్టనవసరం లేదు. పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసారం, ఉర్దూలో నౌషాదర్, అనగా అమ్మోనియం క్లోరైడ్ చాలును. అయితే బజారు సరుకు కాక ప్రయోగశాలలోని శుద్ధ రసాయనాన్నే వాడవలె. 100 లీటర్ల నీటికి 0.76 గ్రాము వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని లభిస్తుంది. తొందరపడి ఎక్కువ వేస్తే వలయం త్వరపడదు, ఇంకా మందగిస్తుంది.

రోజు విడిచి రోజు నీటిని పరీక్షించవలె. మొదట అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. తరువాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ పెరుగుతుంది. అమ్మోనియా తరిగినప్పుడెల్లా మరికొంత వేస్తుండవలె. సాధారణంగా ఇందుకు 4 నుండి 6 వారాలు, ఒక్కొక్కప్పుడు 8 వారాలు కూడా పడుతుంది. ఇ. కోలై బాక్టీరియా అనుకూల స్థితిలో 20 నిమిషాలలో రెండింతలైతే, వీటికి అనేక గంటలు, ఒక్కొక్కప్పుడు రోజుకు పైగా కావలె. ఆలస్యానికి కారణం ఇదే. వేసిన 2 మిల్లీగ్రాముల అమ్మోనియా 24 గంటలలో నైట్రైట్‌తో సహా శూన్యమైననాడు వలయం సిద్ధమైనట్లు. అప్పుడు నీటిలో అధికభాగం మార్చి, ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టవలె.

మా విన్నపం

పరీక్షల పట్టికను తొట్టి ప్రక్కన ఉర్దూ, తెలుగు రెండు భాషలలోనూ వ్రాసి ఉంచాము. విద్యార్థులు ఆ అంకెలను ప్రతి వారం చూచి వలయం గతిని స్వయంగా గ్రహింపగోరుతున్నాము. కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు: సెలవులలో ఈ తొట్టి స్విచ్చిని ఆపివేయరాదు, నీటి ప్రవాహం ఆగితే ప్రాణవాయువు అందక ఈ సూక్ష్మజీవులు నశిస్తాయి, చేపలను వదిలే తేదీని ఏ ఉత్సవాన్ని బట్టీ నిర్ణయించరాదు, పట్టికలోని అంకెలే నిర్ణయించవలె. చేపలు లేకపోయినా తొట్టిలో పని జరుగుతూనే ఉన్నది. దానికి కావలసిన గడువు ఇవ్వడమే ఇప్పుడు మన వంతు. క్రిందటిసారి ఆ గడువు ఇవ్వక నాలుగు ప్రాణాలను పోగొట్టుకున్నాము.