ఊహ అవతలి గడప దాకా

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఊహకు అప్పగించే పని దాదాపు ఒక్కటే. కళ్లు మూసుకో, నీ గెలుపును నువ్వే చూసుకో, వేదిక మీద నిలబడ్డట్టు అనుకో. దానివల్ల ధైర్యం వస్తుంది, కాదనను. కానీ ఊహకు అదొక్కటే పనైతే మనిషి తన బొమ్మ చుట్టూ తిరుగుతూ ఉండిపోతాడు. ఊహ అవతలివాళ్ల గడప దాకా వెళ్లాలి. నీతి అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. అందుకు గురజాడ అప్పారావు కన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్లకు వెల తీసుకుని చేసిన పెళ్లిళ్ల, జాబితా తయారు చేయించారు. లెక్క 1,034కు చేరింది. 99 మంది పెళ్లికూతుళ్లకు ఐదేళ్లు. 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది. ఆ ముగ్గురిలో ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. తన నాటకం ‘కన్యాశుల్కం’ ముందుమాటలో గురజాడే ఈ అంకెలు ఇచ్చారు.

ఏడాది పిల్ల అంటే గోడ పట్టుకుని అప్పుడప్పుడే నిలబడుతుంటుంది. అమ్మ చంక దిగనంటుంది. అలాంటి బిడ్డ మెడలో పుస్తె కట్టారు! అంకె చూసి అయ్యో అనుకోవడం తేలిక. గురజాడ అక్కడ ఆగలేదు. నాటకం 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. తర్వాత ‘పూర్ణమ్మ’ కవిత రాశారు. పూర్ణమ్మ పూజారి ఇంటి పిల్ల. పూలచెట్ల మధ్య, దుర్గమ్మకు పూలు కోస్తూ పెరుగుతుంది. చెట్టు తన కాలం వచ్చినప్పుడే పూస్తుంది. ఆ పిల్లను మాత్రం కాలం రాకముందే డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెడతారు. పక్కన ఆ చెట్లుండటం వల్లే అన్యాయం ఎంతటిదో మనకు కళ్లకు కడుతుంది. నడివయసు మగవాడైన గురజాడ ఒక చిన్నపిల్ల గుండెలో చేరి, అన్నదమ్ముల దగ్గర ఆఖరి సెలవు తీసుకోవడమేమిటో అక్కడినుంచి చెప్పారు. ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో గానీ రాలేదు.

ఇలా అవతలివాళ్ల గుండెలో చేరే శక్తి మహాకవులకే దక్కే వరమని నేను అనుకోను. సాధన చేస్తే అబ్బుతుంది. అందుకు చెట్టూచేమా మంచి బడి. వాకిట్లో వేపచెట్టును రోజూ చూసేవాడికి ఆకు ఎప్పుడు రాలిందో, చిగురు ఎప్పుడు ఎర్రగా తొంగిచూసిందో తెలుస్తుంది. చెట్టు మనల్ని మెచ్చుకోదు, తప్పుపట్టదు. దాన్ని చూసే ఆ కాసేపూ నేను, నాది అన్న గోల సద్దుమణుగుతుంది. అలా చూడటం అలవాటైతే ఇంట్లో మనిషి ముఖం వాడినా ఇట్టే పట్టుకుంటాం.

పేపర్లో ఇన్ని ఇళ్లు మునిగాయని చదివినప్పుడు ఒక్క ఇల్లాలిని తలుచుకోండి. ఈ పొద్దున ఆమె పొయ్యి ఎక్కడ వెలిగించింది? పిల్లల పుస్తకాలు ఏమయ్యాయి? అయితే ఒక జాగ్రత్త. అవతలివాళ్ల బాధ మనకే బాగా తెలుసనుకోవడం కూడా అహంకారమే. గురజాడ ఊహకు ఆధారంగా నిజమైన జాబితా ఉంది. మనకూ అలాంటి ఆధారం కావాలి. వీలుంటే వెళ్లి ఆమెనే అడగండి. ఆమె చెప్పింది మీరు ఊహించినదానికి పూర్తిగా వేరుగా ఉంటే, ఆమె మాటే పట్టుకోండి.