మింగిన మాత్ర, కడుపులోని బిడ్డ

చాలా ఇళ్ళలో నోరు విప్పి చెప్పుకోని ఒక భయాన్ని గురించి ఈ వారం కుటుంబ పాఠంలో తెలుసుకుందాం.

ఒక ఇంటిని ఊహించుకోండి. కోడలికి చిన్ననాటి నుండి ఫిట్స్ జబ్బు. రోజూ మాత్రలు వేసుకుంటుంది. నెల తప్పిన సంగతి తేలేసరికి ఏడు వారాలు నిండాయి. "ఆ మాత్రలు ఈ పూట నుండే ఆపెయ్యమ్మా, బిడ్డకు తగులుతాయి" అన్నారు అత్తగారు. "ఇన్నాళ్ళూ వేసుకుంది కదా వదినా, బిడ్డ అవిటిగా పుడితే ఎవరు చూస్తారు? తీయించెయ్యండి" అన్నది పక్కింటావిడ. "దేవుడే చూసుకుంటాడు, పరీక్షలెందుకు?" అన్నారు మామగారు. ముగ్గురూ మేలు కోరే అన్నారు. కాని ముగ్గురి మాటలోనూ ప్రమాదం ఉంది. అదేమిటో చూద్దాం.

ఈ భయం ఎక్కడిది?

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర అమ్మకానికి వచ్చింది. ఎంతో సురక్షితమని ప్రచారం చేశారు. వేవిళ్ళు తగ్గడానికి కూడా గర్భిణులు దాన్ని వాడారు. కొద్ది కాలంలోనే చేతులు, కాళ్ళు సరిగా ఎదగని పసికందులు పుట్టసాగారు. 1961 నవంబరులో జర్మనీలో ఆ మందును ఆపివేశారు. అప్పటికే అది అనేక దేశాలకు పాకింది. మొత్తం పదివేల మందికి పైగా బిడ్డలు దెబ్బతిన్నారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి, రుజువులు చాలవంటూ అనుమతి ఇవ్వకుండా గట్టిగా నిలబడ్డారు. అక్కడ ఎందరో బిడ్డలు ఆ విధంగా రక్షింపబడ్డారు.

తల్లి మింగినది బిడ్డకు చేరుతుందని ఈ కన్నీటి చరిత్ర మనకు నేర్పింది. అంతమాత్రాన ప్రతి మందూ విషమే అనుకోరాదు. ఏ మందు? ఎంత మోతాదు? ఏ వారంలో? ఈ మూడూ అడగాలి. బిడ్డ అవయవాలు ముఖ్యంగా గర్భధారణ తరువాత మూడవ వారం నుండి ఎనిమిదవ వారం వరకు రూపుదిద్దుకుంటాయి. వెన్నుపాము గొట్టం 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు గర్భం సంగతే తెలియదు. అందుకే పెళ్ళయిన స్త్రీ రోజూ వాడే మందుల గురించి గర్భానికి ముందే డాక్టరును అడగడం ఉత్తమం. ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా గర్భానికి ముందు నుండే మొదలుపెట్టాలి.

మరొక సత్యం. ఏ మందూ వాడని తల్లులకు కూడా నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. కనుక ప్రతి లోపానికీ తల్లి మింగిన మాత్రే కారణమని ఆమెను నిందించడం అన్యాయం.

మాత్ర ఆపవచ్చా?

ఫిట్స్ మందుల్లో సోడియం వాల్‌ప్రోయేట్ బిడ్డకు ఎక్కువ ప్రమాదకరం. అది వాడిన తల్లులకు నూటికి దాదాపు పదిమంది బిడ్డలు పెద్ద అవయవ లోపంతో పుడతారు. నూటికి ముప్పై నలభై మందికి మాటలు, చదువు వంటి వాటిలో ఎదుగుదల వెనుకబడవచ్చు. లామోట్రిజిన్, లెవెటిరాసిటం వంటి మందులతో ఈ ప్రమాదం చాలా తక్కువ. అందుచేత మందు మార్చే ఆలోచన డాక్టరు చేస్తారు. కాని ఇంట్లో వాళ్ళే ఒక్కసారిగా ఆపివేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి తల్లీబిడ్డ ఇద్దరి ప్రాణాలకూ ముప్పు రావచ్చు. థైరాయిడ్, క్షయ, చక్కెర జబ్బుల మందులూ అంతే. వైద్యం లేని జబ్బు కూడా బిడ్డకు హాని చేస్తుంది.

ఏ పరీక్ష దేనికి?

ఇక్కడ చాలామంది పొరబడతారు. 11 నుండి 13 వారాల మధ్య చేసే ఎన్.టి. స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష ముఖ్యంగా డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోముల తేడాలకు అవకాశం ఎంత ఉందో చెబుతాయి. ఫిట్స్ మాత్ర వల్ల డౌన్ సిండ్రోమ్ రాదు. మందు వల్ల వెన్ను, గుండె, పెదవి వంటి వాటిలో లోపం వచ్చిందేమో వెదికేది 18 నుండి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్. అదైనా అన్నీ చూడలేదు. బిడ్డ ఎలా మాట్లాడుతుందో, ఎలా చదువుతుందో ఏ స్కానూ చెప్పలేదు.

రక్తపరీక్షలో "250కి ఒకటి" అని వస్తే, అటువంటి 250 మంది తల్లుల్లో 249 మంది బిడ్డలకు ఆ తేడా ఉండదని అర్థం. అది తీర్పు కాదు. ఖాయం చేయడానికి ఉమ్మనీరు తీసి పరీక్షిస్తారు. దానివల్ల గర్భం పోయే అవకాశం కొద్దిగా ఉంది. కనుక అవసరాన్ని డాక్టరుతో కూర్చుని తూచుకోవాలి. ఇక ఆడా మగా అని అడగడం, చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

శ్రీసభ బోధన

1987లో రోము నుండి వెలువడిన "దోనుం వీతే" పత్రం, 1995లో జగద్గురువులు రెండవ జాన్ పౌలు గారు వ్రాసిన "జీవ సువార్త" విశ్వలేఖ ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాయి. తల్లికీ బిడ్డకూ తగని ప్రమాదం లేకుండా, బిడ్డను కాపాడడానికి, వైద్యం చేయడానికి జరిపే పరీక్ష మంచిదే. లోపముంటే తీసివేద్దామన్న తలంపుతో చేయించే పరీక్ష దైవాజ్ఞకు విరుద్ధం. కనుక పరీక్షకు ముందే భార్యాభర్తలు ఒకరినొకరు అడగవలసిన ప్రశ్న ఇది: "ఫలితం తెలిస్తే మన బిడ్డ కోసం ఏం చేస్తాం?" వెన్నులో లోపమని ముందే తెలిస్తే పిల్లల శస్త్రచికిత్స ఉన్న పెద్ద ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. అది కూడా దేవుడు చూపే దారే.

ఇక ఆ కోడలి మాట. మాత్రల అట్ట, పాత చీటీ వెంట తీసుకుని భర్తతో కలిసి ప్రసూతి డాక్టరు దగ్గరకు, ఫిట్స్ డాక్టరు దగ్గరకు ఆ వారమే వెళ్ళాలి. ఏ మాత్ర ఎప్పటి నుండి వేసుకుంటున్నదో దాచకుండా చెప్పాలి. వారు చెప్పేదాకా మాత్ర మానరాదు. అత్తగారు నిందించకుండా తోడు వెళితే అదే పెద్ద ఉపకారం.

మరియ మాత గర్భవతిగా ఉండి కూడా ఎలిసబేతమ్మ ఇంటికి వెళ్ళి దాదాపు మూడు నెలలు తోడున్నది. మన విచారణలో లోపంతో బిడ్డ పుట్టిన ఇంటికి మనలో ఎందరం వెళ్ళాం? "ఎవరు చూస్తారు?" అన్న పక్కింటావిడ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మనమే.

ఇంట్లో చర్చించుకోండి:
1. మన ఇంట్లో రోజూ మందులు వాడే ఆడపిల్లలు, కోడళ్ళు ఎవరు? గర్భానికి ముందే డాక్టరును అడిగామా?
2. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న దంపతులకు మన మాట ధైర్యమిస్తోందా, భయపెడుతోందా?