ఆరువందల యేబది మాటలు

తెలుగునాట ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి ఇంజనీరింగు కళాశాలలో చేరగోరినచో అతని ర్యాంకును చూతురు. అతడెట్టివాడో, దేనికి నవ్వునో, దేనికి నొచ్చుకొనునో ఎవరును అడుగరు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో పద్ధతి వేరు. అచ్చట పెక్కు కళాశాలలు మార్కులతోపాటు ఒక వ్యాసమును గూడ కోరును. అది ఆవునుగూర్చియో వర్షాకాలమునుగూర్చియో వ్రాయు వ్యాసము కాదు. పదునేడేండ్ల బాలుడో బాలికయో తన్నుగూర్చి తానే వ్రాసికొనవలెను.

1975లో 15 కళాశాలలు కలసి కామన్ అప్లికేషన్ అను ఉమ్మడి దరఖాస్తును ఏర్పరచినవి. నేడు వేయికి పైగా విద్యాసంస్థలు దానిని అంగీకరించుచున్నవి. అందలి ప్రధానవ్యాసము 250 మాటలకు తగ్గరాదు, 650 మాటలకు మించరాదు. ఇచ్చెడి ప్రశ్నలు ఏడు. ఎదురైన ఆటంకమునుగూర్చి ఒకటి, ప్రశ్నించి చూచిన నమ్మకమునుగూర్చి ఒకటి, ఒకరు చేసిన మేలునుగూర్చి ఒకటి, ఇట్లు సాగును. ఏడవది మాత్రము విద్యార్థి యిష్టమునకే విడువబడినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పద్ధతి మరియొకటి. అది ఎనిమిది ప్రశ్నలిచ్చి, వానిలో నాలుగింటికి ఒక్కొక్కటి 350 మాటలకు మించకుండ సమాధానములు కోరును. ప్రశ్న యేదైనను అడుగునది ఒక్కటే: నీ వెవరవు? చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఈ పద్ధతి పుట్టుక అంత మెచ్చదగినది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున హార్వర్డు, కొలంబియా వంటి పేరుగాంచిన కళాశాలలు ముఖ్యముగా ప్రవేశపరీక్షలను బట్టియే విద్యార్థులను చేర్చుకొనుచుండెను. ఆ పరీక్షలలో యూదుల పిల్లలు మిక్కిలిగా కృతార్థులగుచుండిరి. అది అచ్చటి అధికారులకు కంటగింపయ్యెను. మార్కులు చాలవు, గుణశీలములను గూడ చూడవలెనని 1920 తరువాతి యేండ్లలో వారు నియమములు మార్చిరి. హార్వర్డు 1922లో అభ్యర్థి మతమును, తండ్రి జన్మస్థలమును, తల్లి పుట్టింటి పేరును, అభ్యర్థి పేరుగాని తండ్రి పేరుగాని మార్చబడినదా అను సంగతిని గూడ అడిగెను. ముఖాముఖియు, సిఫారసు ఉత్తరములును, తన్నుగూర్చి తాను వ్రాయుటయు ఈ మార్పులతోనే బలపడినవి. కొందరిని వెలుపల నుంచుటకు చేసిన ఏర్పాటు, కాలక్రమమున ఎవరికిని తెలియని బాలుడు తన మాట తాను చెప్పుకొనుటకు దొరకిన చోటైనది. 2023 జూన్ 29వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశములలో జాతిని లెక్కలోనికి తీసికొనరాదని తీర్పుచెప్పెను. అయినను జాతి తన జీవితమును ఎట్లు తాకినదో విద్యార్థి తానే వ్రాసినచో, అందు వెల్లడియైన ధైర్యమును పట్టుదలను గుర్తింపవచ్చునని ఆ తీర్పే చెప్పినది. దానితో తమకొక గాయము లేనియెడల వ్యాసమే లేదని తలచు పిల్లలును కలరు. ఈ తలపు పొరపాటు. గాయమున్నవారు దానిని చూపవలెననియు లేదు.

విషయమును ఎన్నుకొనుట ఎట్టిదో తెలియుటకు ఒక బాలికను ఊహించుకొనవచ్చును. ఆమె తలిదండ్రులు గుంటూరు జిల్లానుండి న్యూజెర్సీ రాష్ట్రమునకు వెళ్లి స్థిరపడినవారు. అమ్మమ్మ గూడ వారితోనే యున్నది. బాలిక చదువులో ముందున్నది. జనవరి మొదటి తేదీలోపల దరఖాస్తు పంపవలెను. నవంబరు సగము గడచినను వ్యాసమునకు విషయము కుదురలేదు.

మొదట ఆమె మరబొమ్మల పోటీలో తన జట్టు గెలిచిన సంగతి వ్రాసెను. వ్యాసము నున్నగా నుండెను. కాని ఆ గెలుపు దరఖాస్తులోని కార్యక్రమముల పట్టికలో మునుపే యున్నది. ఒకసారి చెప్పిన సంగతిని రెండవసారి పెద్దగా చెప్పినట్లయ్యెను.

పిమ్మట ఒక వేసవిలో తాత గారి యూరికి వెళ్లి పది దినములు బడిపిల్లలకు నోటుపుస్తకములు పంచిన సంగతి వ్రాసెను. ఆ పిల్లల పేదరికము చూచి తన కన్నులు తెరువబడినవని ముగించెను. తండ్రి చదివి, “ఆ పిల్లలలో ఒక్కని పేరైనను నీకు తెలియునా?” అని యడిగెను. తెలియదు. ఇట్టి వ్యాసములు ప్రతి యేడును కుప్పలుగా వచ్చును; వానిలో పేదవారు వ్రాయువారికి అద్దమువలె పనికివత్తురే గాని మనుష్యులుగా కనబడరు.

మూడవసారి తాత గారి మరణమునుగూర్చి వ్రాసెను. అది నిజమైన దుఃఖము. తల్లి చదువుచు కంట నీరు పెట్టుకొనెను. బడిలోని ఆంగ్లోపాధ్యాయురాలు మాత్రము కాగితమును మెల్లగా తిరిగి యిచ్చి, “మీ తాత గారు గొప్పవారు. కళాశాలకు ఆయన దరఖాస్తు పెట్టుచున్నచో వెంటనే చేర్చుకొందురు” అనెను. బాలిక చిన్నబుచ్చుకొనెను. అప్పుడామె, “నీవు చేసిన పనులలో దేనిని తలచుకొన్న నీకు ఇప్పటికిని నిదురపట్టదు?” అని యడిగెను.

బాలికకు ఒక సంగతి వెంటనే తోచినది గాని నోట రాలేదు.

ఆమెకు పండ్రెండేండ్లప్పుడు తల్లికి సెలవు దొరకక, అమ్మమ్మను వైద్యుని గదిలోనికి తానే తోడ్కొనిపోయినది. దుబాసీని పిలిపింపుమని కోరవచ్చునని ఆ యింట ఎవరికిని తోచలేదు. నొప్పి యెంత, సున్న నుండి పది లోపల చెప్పుమని వైద్యుడు అడిగెను. అమ్మమ్మ అంకె చెప్పలేదు. అరికాళ్లలో మంటలనియు, వ్రేళ్లు తిమ్మిరెక్కుననియు, రాత్రియైనచో పోట్లు పొడుచుననియు, తెల్లవారుసరికి పిక్కలు సలుపుననియు వరుసగా చెప్పుకొనిపోయెను. బాలికకు ఈ మాటలలో సగమునకు ఆంగ్లము తెలియదు. తెలియదనుటకు సిగ్గుపడి, అన్నిటికిని కలిపి నొప్పి యనియు, అంకె అయిదనియు చెప్పివేసెను. వైద్యుడు మామూలు నొప్పిమాత్రలు వ్రాసియిచ్చెను. అవి పనిచేయలేదు. కొన్ని మాసములు గడచిన పిదప, మధుమేహముచేత కాళ్ల నరములు దెబ్బతినుచున్నవని తేలెను. మంట, తిమ్మిరి అను ఆ రెండు మాటలే ఆ వ్యాధికి ఆనవాళ్లు. బాలిక విడిచిపెట్టినవియు అవియే.

ఎవరును ఆమెను కోపింపలేదు. అసలెవరికిని తెలియనే తెలియదు. అటుతరువాత ఆమె ఒక చిన్న పుస్తకము పెట్టుకొని, అమ్మమ్మ నోటినుండి వచ్చు బాధల పేర్లన్నియు వ్రాసికొనసాగెను. ఏది ఎముకకు, ఏది కండకు, ఏది చర్మమునకు చెందునో అడిగి తెలిసికొని, ఎదుట ఆంగ్లములో ఒక్కొక్క వాక్యము వ్రాసెను. ఒక్క మాటకు ఒక్క మాట దొరకదని ఆమెకు అప్పుడే తెలిసినది. ఆ పుస్తకము ఏ పోటీకిని పంపబడలేదు. కార్యక్రమముల పట్టికలో దానికి చోటును లేదు.

ఉపాధ్యాయురాలు అంతయు విని, “దీనిని వ్రాయుటకు భయమేల?” అనెను. “ఇందులో తప్పు నాదే గదా” అని బాలిక బదులు చెప్పినది. తాత గారి వ్యాసములో ఆమె కేవలము చూచుచున్నది; ఈ సంగతిలో ఆమె పొరబడినది, దాచినది, సరిదిద్దుకొనసాగినది. మూడు వ్యాసములలో కానరాని బాలిక ఇందు నిలువెల్ల కనబడుచున్నది. వేరొకరు తమ పేరు పెట్టుకొని పంపుటకు వీలులేని వ్యాసమిది. డబ్బు తీసికొని వ్యాసములు దిద్దువారును, అడిగినంతనే వ్రాసియిచ్చు యంత్రములును నేడు లేకపోలేదు. అవి నున్నని వాక్యములు కూర్చగలవు గాని, ఆ నాటి గదిలో అయిదు అన్నది ఎవరో వానికి తెలియదు.

వ్రాయుటకు మూడు వారములు పట్టెను. మొదటి ప్రతి 1,100 మాటలైనది. అమెరికాకు వచ్చిన కథ పోయినది, పండుగల వర్ణన పోయినది, తాను వైద్యురాలు కాగోరుచున్నానను చివరి వాక్యము గూడ పోయినది. అది నిజమో కాదో ఆమెకే తెలియదు. మిగిలినవి 648 మాటలు.

పంపుటకు ముందటి రాత్రి, ఆమె అమ్మమ్మ ప్రక్కన గూర్చుండి వ్యాసమును తెలుగులో చెప్పి వినిపించెను. తన తప్పిదమును మొదటిసారి ఆమె యెదుట ఒప్పుకొనుట అదియే. అమ్మమ్మ కొంతసేపు మాటాడలేదు. పిదప మనుమరాలి చేయి పట్టుకొని, “అది సరే గాని తల్లీ, పిక్కలలోనిది సలుపు కాదు, తీపు. సలుపు పుండుకు గదా” అనెను.

బాలిక లేచి దీపము వేసి, చిన్న పుస్తకము తెరచెను. ఇంక మిగిలియున్నవి రెండే మాటలు.