అద్దె యిల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెతను ఎఱుగనివారు మనలో ఉండరు. పరులు కట్టిన యింటిని కొనుట అంతకంటె సులభమని కొందఱు తలంతురు. తాము కాపురముండుటకు గాక, ఇతరులకు అద్దెకిచ్చి ఆ యాదాయముతో రోజులు గడపవలెనని కొనువారికి రెండింతల యాలోచన కావలెను. హనుమకొండలోని యొక కుటుంబమును మనస్సులో ఊహించుకొని ఈ విషయమును పరిశీలింతము. కుటుంబము కల్పితమే కాని, దానికి తటస్థించిన చిక్కులు కల్పితములు కావు.

ఆ యింటి యజమాని ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఉద్యోగము చాలించినపుడు చేతికి వచ్చిన సొమ్మును, భార్య యేండ్ల తరబడి దాచినదియు కలిపిన 46 లక్షల రూపాయలైనది. కుమార్తె చదువు ఇంకను ముగియలేదు. ఈ సొమ్ము పోయినచో మరల సంపాదించు వయస్సు ఆయనకు లేదు.

వరంగల్లు ప్రాంతమున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును వెలసినవి. అందుచే అచట అద్దె యిండ్లు వెదకువారికి కొదువ లేదు. ఒక మధ్యవర్తి వచ్చి, రెండు వాటాల యింటిని 30 లక్షలకును, ఊరి వెలుపల ఒక యెకరము పొలమును 12 లక్షలకును ఇప్పింతునని చెప్పెను. ఇంటిపై నెలకు 9,000 రూపాయల అద్దె, పొలముపై ఏటేట కౌలు. “కూర్చుండి తినవచ్చును, మాస్టారూ!” అని ఆతడు ఊరించెను.

ఉపాధ్యాయుడు సంతోషించెను. ఆయన భార్య మాత్రము కాగితము, కలము తెప్పించెను. అద్దె యేడాదికి 1,08,000 రూపాయలు. ఇది 30 లక్షలపై నూటికి మూడు రూపాయల అరువది పైసలు. మధ్యవర్తి లెక్క ఇచటనే ఆగినది. ఆమె లెక్క ఆగలేదు. తెలంగాణలో స్టాంపు, రిజిస్ట్రేషను రుసుములన్నియు కలిసి 2021లో నూటికి ఆఱునుండి ఏడున్నరకు పెరిగినవి. ఆ వంతున 2,25,000 రూపాయలు చేర్చగా ఇంటి ఖరీదు 32,25,000 అగును. ఏడాదిలో ఒక నెల వాటాలు ఖాళీగా నుండునని 9,000, ఇంటిపన్నుకు 5,000, సున్నము, నీటి మోటారు, కప్పు మరమ్మతులకు 13,000 తీసివేసెను. మిగిలినది 81,000. అనగా నూటికి రెండున్నర మాత్రమే!

“బ్యాంకిలో దాచినను ఇంతకంటె ఎక్కువ వచ్చునే!” అని భర్త నిట్టూర్చెను.

“వచ్చును. కాని అద్దె పెరుగవచ్చును, ఇంటి వెల పెరుగవచ్చును. పెరుగునని ఎవరును చేతిలో చేయి వేసి చెప్పలేరు. ఈ సంగతి తెలిసియే కొందము” అని ఆమె పలికెను. అప్పు చేసి కొనువారు ఈ లెక్కను మరింత జాగ్రత్తగా వేసికొనవలెను. వడ్డీ నూటికి ఎనిమిదై, ఆదాయము రెండున్నరయైనచో ఇల్లే మనుష్యుని తినివేయును.

తరువాత వారు పొలము చూడబోయిరి. అచట ఒక వృద్ధుడు గట్టుపై కూర్చుండి యుండెను. “ఈ భూమి ఎన్నాళ్లనుండి చేయుచున్నావు, పెద్దయ్యా?” అని ఆమె అడిగెను.

“మా నాయన కాలము నుండి, బిడ్డా. ఆయనకు రక్షిత కౌలుదారు కాగితముండెను. పెట్టెలో భద్రముగా నున్నది.”

మధ్యవర్తి ముఖము వెలవెలబోయెను. హైదరాబాదు రాష్ట్రములో 1950లో చేసిన కౌలు చట్టము రక్షిత కౌలుదారులకు గట్టి హక్కుల నిచ్చినది. ఆ హక్కు వారసులకు సంక్రమించును. భూమి నమ్మదలచిన యజమాని ముందుగా వారికి తెలియజేయవలెను. అంతియే కాదు. అమ్మువాడు ఆ పొలమును కొన్నది సాదా బైనామాపై, అనగా తెల్లకాగితముపై వ్రాసికొన్న క్రయపత్రముపై. నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరైన దస్తావేజు మూలముననే జరుగవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. సాదా బైనామాలను క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము 2016లోను, 2020లోను దరఖాస్తులు స్వీకరించినది. ఈ పొలము సంగతి అప్పుడును తేలలేదు. తనది కానిదానిని ఎవడు అమ్మగలడు? వారు పొలము మాట విడిచిపెట్టిరి. చౌకగా వచ్చుచున్నదని ఉపాధ్యాయుడు రెండు దినములు బెంగపడెను గాని, భార్య మెత్తబడలేదు.

ఇక ఇల్లు. రిజిస్ట్రారు కార్యాలయమునుండి జనులు ‘ఈసీ’ అని పిలుచు ఋణభార పత్రమును తెప్పించిరి. అందు ఏ తాకట్టును కనబడలేదు. అయినను అమ్మువాడు చూపినది దస్తావేజు నకలు, అసలు కాదు. ఇచటనే మిక్కిలి మెలకువ కావలెను. అసలు దస్తావేజును అప్పిచ్చినవాని యొద్ద ఉంచుట కూడ ఒక విధమగు తాకట్టే. అది రిజిస్టరు కానిచో ఋణభార పత్రములో కనబడకపోవచ్చును. గట్టిగా అడుగగా, దస్తావేజు బ్యాంకిలో నున్నదనియు, 6 లక్షల అప్పున్నదనియు ఆతడు ఒప్పుకొనెను. వారు బేరమును చెడగొట్టుకొనలేదు. ఖరీదులోనుండి 6 లక్షలు నేరుగా బ్యాంకికి చెల్లించి, అప్పు తీరినట్లు పత్రమును, అసలు దస్తావేజును చేతికి తీసికొని, అటుపిమ్మటనే మిగిలిన సొమ్ము నిచ్చి రిజిస్ట్రేషను జరిపించుకొనిరి.

ఒక వాటాలో ఆసుపత్రి నర్సు తన తల్లితో నుండెను. రెండవదానిలో నలుగురు విద్యార్థులు. “వీరిని పంపివేసి క్రొత్తవారిని పెట్టుడు, అద్దె పెంచవచ్చును” అని మధ్యవర్తి సలహా చెప్పెను. కాని ఇల్లు చేతులు మాఱినంత మాత్రమున అద్దెదారుని హక్కు పోదు; కొన్నవాడు పాత యజమాని స్థానమున నిలుచును. అద్దెదారులు ముందుగా కట్టిన రెండు నెలల అడ్వాన్సు 18,000 రూపాయలను ఉపాధ్యాయుని భార్య మఱచిపోక పాతవానినుండి వసూలు చేసెను. లేనిచో వారు ఖాళీ చేయునాడు ఆ సొమ్మును తామే ఇచ్చుకొనవలసి వచ్చెడిది.

ఆమె నర్సు తల్లిని కలిసికొని, “ఇంటిలో ఇబ్బందులేమైన ఉన్నవా, అమ్మా?” అని అడిగెను. వానకాలములో వంటగది కురియుచున్నదనియు, మూడేండ్లుగా చెప్పినను పాత యజమాని వినలేదనియు ఆ ముసలామె చెప్పెను. కప్పు బాగుచేయుటకు 11,000 రూపాయలైనవి. మొదటినెల అద్దె దానికే చాలలేదు. ఉపాధ్యాయుడు ఆ ఖర్చును లెక్కల పుస్తకములో మరమ్మతుల క్రింద వ్రాసి, ఆ యేడాదికి ఇంక 2,000 రూపాయలే మిగిలినవని భార్యకు చూపెను.