రైలు వెళ్లిపోయాక మిగిలిన దారి

ఇంట్లో బదిలీ మాట వినబడగానే మనకు ముందు గుర్తొచ్చేది రైలే. సామాను సర్దుకుంటాం, స్నేహితులకు చెయ్యి ఊపుతాం, ఊరు వెనకబడిపోతుంది. మరి రైలే ఒక ఊరిని వదిలి వెళ్లిపోతే? పట్టాల కింది నేల ఏమవుతుంది? సింగపూరులో ఏం జరిగిందో చూద్దాం.

అక్కడ 1903లో మీటరు గేజి రైలు మొదలైంది. 1932లో దారి మార్చి, తంజోంగ్ పగార్‌లో పెద్ద స్టేషను కట్టారు. 1965లో సింగపూరు వేరే దేశమైనా, ఆ స్టేషనూ పట్టాల కింది నేలా మలేషియా రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. 2010లో రెండు దేశాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. 2011 జూన్ 30 రాత్రి అక్కడి నుంచి చివరి రైలు కదిలింది. దాన్ని నడిపింది జొహోర్ సుల్తాను!

అలా సుమారు 24 కిలోమీటర్ల సన్నని నేల సింగపూరు చేతికొచ్చింది. అసలే చిన్న దేశం, గజం నేల కూడా విలువైనదే. ముక్కలు చేసి భవనాలు కట్టవచ్చు. కానీ ఒకసారి తెగిన దారిని మళ్లీ కలపడం కష్టం. పట్టాల పక్కన పెరిగిన చెట్లు పక్షులకు నీడయ్యాయి. అందుకే దారిని తెగకుండా ఉంచమని ప్రకృతి ప్రేమికులు కోరారు. ప్రభుత్వం ఒప్పుకుంది. పట్టాలు చాలావరకు తీసేసినా, బుకిత్ తీమా స్టేషనునూ రెండు ఉక్కు వంతెనలనూ కాపాడారు. ఇప్పుడు అక్కడ జనం నడుస్తారు, సైకిలు తొక్కుతారు.

రైలుదారి నడకకు ఎందుకంత హాయి? రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని మిట్టలు తవ్వి, పల్లాలు పూడ్చి దారి వేస్తారు. ఆ మేలు ఇప్పుడు తాతగార్లకూ చిన్నపిల్లలకూ దక్కింది.

బుకిత్ తీమా దగ్గర ఉన్నది ఒంటి లైను. ఎదురెదురుగా రైళ్లు రాకుండా డ్రైవరుకు టోకెన్ ఇచ్చేవారు. అది చేతిలో ఉంటేనే బండి ముందుకు కదలాలి. మన దేశంలోనూ ఒంటి లైన్ల మీద ఈ పద్ధతి ఉండేది.

ఒక్క జాగ్రత్త: రైళ్లు తిరిగే పట్టాల మీద నడవడం ప్రమాదం, నేరం కూడా.

ఆలోచించండి:
1. ఆ నేలలో ఇళ్లు కడితే ఎవరికి లాభం? దారిగా ఉంచితే ఎవరికి?
2. మీరు వదిలి వచ్చిన ఊళ్లో ఏది చెక్కుచెదరకుండా ఉండాలనుకుంటారు? ఎందుకు?